రెండు మ్యాచ్‌లు గెలిచిన జోడీ ఇంటికెందుకు వెళ్తుంది? డబుల్స్ సీజన్ ముగింపు టోర్నీ లెక్కలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పురుషుల టెన్నిస్‌లో సీజన్ ముగింపు టోర్నీ అయిన ఏటీపీ ఫైనల్స్ డబుల్స్‌లో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచిన జోడీకి ఒక్కోసారి సెమీస్ ఎందుకు దక్కదు? ఒక్కటే గెలిచిన జోడీ ఎలా లోపలికి వెళ్తుంది? దాంతోపాటు ఈ ఎనిమిది జోడీలను ఎలా ఎంచుతారు, మనవాళ్ళెవరైనా ఈ టైటిల్ గెలిచారా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: గెలుపులు సమానమైనప్పుడు ఎవరు ఎవరిని ఓడించారన్నది అన్నిసార్లూ చూడరు. మూడు జోడీలు సమంగా ఉంటే ముందు సెట్ల శాతం (ఆడిన సెట్లలో గెలిచినవెన్ని), అదీ తేలకపోతే గేముల శాతం చూస్తారు. అంటే ఓడిన మ్యాచ్‌లో ఎన్ని సెట్లు దక్కించుకున్నారు, గెలిచిన మ్యాచ్‌లో ఎన్ని సెట్లు వదులుకున్నారు అన్నది కూడా ఖాతాలో పడుతుంది. ఏడాది పొడవునా మిగతా టోర్నీల్లో ఒక్క మ్యాచ్ ఓడినా సంచి సర్దుకోవడమే. ఈ ఒక్క వారం మాత్రం ఎలా ఓడారన్నదానికి విలువ ఉంటుంది.

ముందు స్వరూపం చెప్తాను. ఎనిమిది జోడీలు, నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు. ప్రతి జోడీ తన గ్రూపులో మిగతా మూడింటితో ఆడుతుంది. మొదటి సీడ్ (ర్యాంకును బట్టి మొదటి జోడీ) ఒక గ్రూపులో, రెండో సీడ్ మరో గ్రూపులో ఉంటాయి. 3-4, 5-6, 7-8 సీడ్లను రెండేసి చొప్పున డ్రా తీసి చెరొక గ్రూపులో వేస్తారు. ప్రతి గ్రూపు నుంచి రెండు జోడీలు సెమీస్‌కు వెళ్తాయి. ఒక గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జోడీ, రెండో గ్రూపులో రెండో స్థానం వచ్చిన జోడీతో ఆడుతుంది. 2009 నుంచి 2020 వరకు లండన్ ఓటూ ఎరీనాలో జరిగిన ఈ టోర్నీ 2021లో ఇటలీలోని ట్యూరిన్‌కు మారింది. ఇండోర్ హార్డ్ కోర్టు కాబట్టి గాలి, ఎండ అడ్డు ఉండవు. సర్వీస్ చేసేవాడికి పండగ. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

గ్రూపులో స్థానాలు తేల్చే వరస ఇలా ఉంటుంది. మొదట గెలుపుల సంఖ్య. అది సమానమైతే ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన జోడీ ముందు. ఇది మామూలుగా అక్కరకు రాదు. గాయంతో ఎవరైనా తప్పుకుని రిజర్వు జోడీ మధ్యలో దిగినప్పుడే పనికొస్తుంది. ఆ తర్వాత అసలు ముడి: ఇద్దరే సమంగా ఉంటే వాళ్ళిద్దరి మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం. ముగ్గురు సమంగా ఉంటే సెట్ల శాతం, తర్వాత గేముల శాతం, చివరికి రేస్‌లో, అంటే ఆ ఏడాది పాయింట్ల పట్టికలో ర్యాంకు. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా ఒక జోడీ పైకో కిందికో విడిపోయి, మిగిలిన రెండూ ఆ లెక్కలో కూడా అచ్చంగా సమానంగా మిగిలితే, అప్పుడు మళ్ళీ ముఖాముఖి ఫలితం చూస్తారు. సమానంగా మిగలకపోతే చూడరు. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ 2009 లండన్ సింగిల్స్‌లో ఉంది. నియమం సింగిల్స్‌కీ డబుల్స్‌కీ ఒకటే కాబట్టి దాన్నే విప్పి చూపిస్తాను. గ్రూపులో ఫెదరర్, ముర్రే, డెల్‌పోట్రో, వెర్డాస్కో. వెర్డాస్కో మూడూ ఓడాడు. మిగతా ముగ్గురూ రెండేసి గెలిచారు. ఫెదరర్ ముర్రేని, ముర్రే డెల్‌పోట్రోని, డెల్‌పోట్రో ఫెదరర్‌ని ఓడించారు. కుక్క తన తోకను తాను తరుముకున్నట్టు ముఖాముఖి లెక్క గుండ్రంగా తిరుగుతుంది. ఇక సెట్లు. ఆ ముగ్గురి మ్యాచ్‌లన్నీ మూడు సెట్ల దాకా సాగాయి కాబట్టి ముగ్గురివీ గెలిచినవి 5, ఓడినవి 4. అక్కడా తేలలేదు.

ఇక గేములు. ఫెదరర్: వెర్డాస్కోపై 4-6, 7-5, 6-1, ముర్రేపై 3-6, 6-3, 6-1, డెల్‌పోట్రో చేతిలో 2-6, 7-6, 3-6. కూడితే గెలిచినవి 44, ఓడినవి 40. డెల్‌పోట్రో: ముర్రే చేతిలో 3-6, 6-3, 2-6, వెర్డాస్కోపై 6-4, 3-6, 7-6, ఫెదరర్‌పై 6-2, 6-7, 6-3. కూడితే 45-43. ముర్రే: డెల్‌పోట్రోపై 6-3, 3-6, 6-2, ఫెదరర్ చేతిలో 6-3, 3-6, 1-6, వెర్డాస్కోపై 6-4, 6-7, 7-6. కూడితే 44-43. శాతాల్లో ఫెదరర్ 52.4, డెల్‌పోట్రో 51.1, ముర్రే 50.6. ముర్రే ఔట్. డెల్‌పోట్రోని ముఖాముఖిలో ఓడించింది ముర్రేనే. అయినా గేముల శాతంలో ఇద్దరూ సమానం కాలేదు కాబట్టి ఆ గెలుపు వైపు ఎవరూ చూడలేదు. ఫెదరర్‌తో మూడో సెట్ 1-6తో జారవిడిచాడు చూడండి, ఆ సెట్‌లో ఇంకొక్క గేము తీసుకుని ఉంటే, డెల్‌పోట్రోతో శాతం సమానమై, మ్యాచ్ ఓడినా ముఖాముఖి గెలుపుతో సెమీస్ ఆడేవాడు.

ఇప్పుడు డబుల్స్‌కు వద్దాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. సెట్లు 1-1 అయితే మూడో సెట్ ఆడరు, 10 పాయింట్ల సూపర్ టైబ్రేక్ ఆడతారు: కనీసం రెండు పాయింట్ల తేడాతో ముందు పదికి చేరినవాళ్ళదే మ్యాచ్. లెక్కలో సూపర్ టైబ్రేక్ అంటే ఒక సెట్, ఒకే ఒక్క గేము. స్కోరు 7-6, 4-6, 10-8 అనుకోండి. గెలిచినవాళ్ళ గేములు 7+4+1, మొత్తం 12. ఓడినవాళ్ళవి 6+6, అవీ 12. పది పాయింట్లు కదా అని 10, 8 అంకెలను గేముల్లో కలిపేస్తే శాతమంతా తారుమారవుతుంది. సొంతంగా లెక్క వేసుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. రెండో తప్పు: గాయంతో మధ్యలో ఆపేసిన మ్యాచ్‌లోని గేములు కలపడం. అలాంటి మ్యాచ్‌ను 2-0 సెట్ల గెలుపుగానే రాసుకోవాలి, గేముల శాతంలోకి దాన్ని తేకూడదు.

ఒక ఊహాజనితమైన గ్రూపు వేసుకుందాం. జోడీలు ఎ, బి, సి, డి. ఎ జోడీ బి మీద 6-4, 7-6తో, డి మీద 6-3, 6-4తో గెలిచింది. బి జోడీ సి మీద 7-6, 6-4తో, డి మీద 6-4, 6-4తో గెలిచింది. సి జోడీ డి మీద 6-4, 3-6, 10-7తో, ఎ మీద 7-6, 4-6, 10-8తో గెలిచింది. ఎ, బి, సి మూడూ రెండేసి గెలిచాయి. సెట్లు చూడండి:

ఎ: 5 గెలిచి 2 ఓడింది, 71.4 శాతం.
బి: 4 గెలిచి 2 ఓడింది, 66.7 శాతం.
సి: 4 గెలిచి 4 ఓడింది, 50 శాతం.

సి జోడీ ఇంటికి. గ్రూపులో మొదటి స్థానం వచ్చిన ఎ జోడీని ఓడించినది కూడా ఈ సి జోడీయే! ఇప్పుడు గెలుపోటములేవీ మార్చకుండా రెండే రెండు సెట్లు మారుద్దాం. డి మీద సి జోడీ ఆ రెండో సెట్ వదలకుండా 2-0తో గెలిచిందనుకోండి. బి చేతిలో ఓడినా ఒక సెట్ తీసుకుని సూపర్ టైబ్రేక్‌లో ఓడిందనుకోండి. అప్పుడు సి సెట్లు 5-3, అంటే 62.5 శాతం. బి సెట్లు 4-3, అంటే 57.1. ఈసారి సి లోపల, బి బయట. మ్యాచ్ ఫలితాలు అవే ఆరు. మీరు చూసి ఆశ్చర్యపోయింది ఇలాంటి గ్రూపునే అయ్యుంటుంది.

ఒక్క గెలుపుతో సెమీస్ సంగతి ఇంకా తేలిక. ఒక జోడీ మూడూ గెలిచి, మిగతా మూడూ ఒకదాన్నొకటి ఓడించుకుంటే, ఆ మూడింటికీ ఒక్కో గెలుపే ఉంటుంది. వాటిలో ఒకటి రెండో స్థానంలో వెళ్ళి తీరాలి కదా. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు వెళ్ళినా సెమీస్ సెమీసే.

టీవీ ముందు కూర్చుని కాగితం, పెన్ను లేకుండా లెక్క పట్టుకోవడానికి ఒక కొండగుర్తు: మొదటి రెండు మ్యాచ్‌లూ 2-0 సెట్లతో గెలిచిన జోడీకి మూడో మ్యాచ్‌లో ఒక్క సెట్ దక్కితే చాలు, సెమీస్ ఖాయం. ఆ మ్యాచ్ 1-2తో ఓడినా దాని సెట్లు 5-2 అవుతాయి. దాని చేతిలో 0-2తో ఓడిన జోడీ తర్వాత రెండూ శుభ్రంగా గెలిచినా 4-2 దాటదు. దాన్ని ఓడించిన జోడీ కూడా మరో మ్యాచ్ ఓడి ఉంటే మహా అయితే 5-3. అదే 0-2తో ఓడితే మాత్రం చిక్కే. మూడు జోడీలూ 4-2 దగ్గర ఆగిపోయే వీలుంది, వ్యవహారం గేముల దాకా పోతుంది. రెండు మ్యాచ్‌లు గెలిచేసిన జోడీ మూడో రోజు తొలి సెట్ కోసం ప్రాణం పెట్టి ఆడి, అది దక్కగానే భుజాలు సడలించడం మీరు గమనించే ఉంటారు. దాని వెనకున్నది ఈ లెక్కే.

ఇంకో తమాషా ఉంది. మూడో రోజు ఒకే గ్రూపులోని రెండు మ్యాచ్‌లూ ఒకేసారి జరగవు. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గ్రూపు చివరి మ్యాచ్‌లను ఒకే గంటకు మొదలుపెడతారు, ఎవరికీ ముందస్తు సమాచారం ఉండకూడదని. ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత ఆడే జోడీకి ఎన్ని సెట్లు కావాలో, ఒక్కోసారి ఎన్ని గేములు కావాలో ముందే తెలుసు. నన్నడిగితే ఇది న్యాయం కాదు. కానీ ఉన్న కోర్టు ఒక్కటే, పైగా సింగిల్స్ కూడా అందులోనే ఆడాలి.

ఇక ర్యాంకింగ్ పాయింట్లు. గ్రూపు గెలుపు ఒక్కోదానికి 200, సెమీస్ గెలిస్తే 400, ఫైనల్ గెలిస్తే 500. అన్నీ గెలిచిన జోడీకి 1500. గ్రూపులో ఒకటి ఓడి టైటిల్ కొడితే 1300. దీంట్లో ఒక విడ్డూరం దాగుంది: రెండు గెలిచి బయటికెళ్ళిన జోడీకి 400 వస్తే, ఇంకో గ్రూపులో ఒక్కటే గెలిచి సెమీస్‌లో ఓడిన జోడీకి 200 మాత్రమే. డబ్బు సంగతీ చెప్పాలి. 2024లో అజేయంగా గెలిచే డబుల్స్ జోడీకి ప్రకటించిన మొత్తం 9,59,300 డాలర్లు, అది కూడా ఇద్దరికీ కలిపి. అదే ఏడాది సింగిల్స్‌లో అజేయ విజేతకు 48,81,100 డాలర్లు. డబుల్స్ ఆటగాళ్ళు తమను సవతి బిడ్డల్లా చూస్తున్నారని ఎందుకు గొణుగుతారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

సెట్లు ఇంత విలువైనవైనప్పుడు ఒక సెట్ ఎక్కడ తేలుతుందో తెలియాలి. ఇండోర్‌లో సర్వీస్ చేసేవాడికి పండగ అన్నాను కదా, అంటే ఎదుటివాళ్ళ సర్వీస్ గేమును గెలవడం (బ్రేక్) తక్కువ. 2024 ఫైనల్లో జర్మన్ జోడీ క్రావీట్జ్, ప్యూట్జ్ గెలిచిన స్కోరు 7-6, 7-6. సెట్ 6-6 అయ్యాక దాన్ని తేల్చే టైబ్రేకులు 7-5, 8-6. అంటే మొత్తం మ్యాచ్‌ను నిర్ణయించినవి గుప్పెడు పాయింట్లు. డబుల్స్‌లో అడ్వాంటేజ్ ఉండదు. 40-40 అయితే ఒకే పాయింటు, ఎవరు గెలిస్తే వాళ్ళదే గేము. ఏ వైపు నుంచి రిటర్న్ చేయాలో రిటర్న్ చేసే జోడీ ఎంచుకుంటుంది, కానీ ఇద్దరూ తమ వైపులు మార్చుకోకూడదు. అంటే కుడివైపు కోర్టా ఎడమవైపా అన్న ఎంపిక నిజానికి ఇద్దరిలో ఎవరు రిటర్న్ చేయాలన్న ఎంపిక. ఆ క్షణం మీరు కెమెరాలో చూడాల్సింది రిటర్న్ జోడీ గుసగుసలను. మంచి రిటర్నర్ ఎవరన్నది ఒక్కటే చూడరు. అప్పటిదాకా సర్వర్ ఏ కోర్టులోకి వేసిన తొలి సర్వీసులు ఎక్కువ తప్పుతున్నాయో కూడా చూస్తారు. ఎడమచేతి సర్వర్ అయితే ఎడమవైపు కోర్టులో బంతి బయటికి కోసుకుపోతుంది కాబట్టి ఎక్కువమంది కుడివైపే అడుగుతారు.

సూపర్ టైబ్రేక్‌లో సర్వీస్ వరస గురించి కూడా ఒక మాట, దీన్ని వ్యాఖ్యాతలు చెప్పగా వినడం అరుదు. ఏ జోడీ ముందు సర్వ్ చేయాలన్న వరస మారదు, రెండో సెట్ చివరి గేములో ఎవరు సర్వ్ చేశారో దాన్నిబట్టి రెండో జోడీ మొదలుపెడుతుంది. కానీ జోడీ లోపల ఎవరు ముందు అన్నది మార్చుకోవచ్చు, కొత్త సెట్ మొదలైనప్పటిలాగే. ఎవరు ఏ వైపు రిటర్న్ చేయాలన్నదీ మార్చుకోవచ్చు. మొదటి సర్వర్‌కు ఒక్క పాయింటే దొరుకుతుంది, ఆ తర్వాత అందరికీ రెండేసి. అంటే ఎక్స్, వై జోడీలైతే 1వ పాయింటు ఎక్స్‌లో మొదటివాడు, 2-3 వైలో మొదటివాడు, 4-5 ఎక్స్‌లో రెండోవాడు, 6-7 వైలో రెండోవాడు, 8-9 మళ్ళీ ఎక్స్‌లో మొదటివాడు. ముందు సర్వ్ చేసే జోడీ తన బలమైన సర్వర్‌ను మొదట పెడితే అతనికి తొలి తొమ్మిది పాయింట్లలో మూడు వస్తాయి, రెండోవాడికి రెండే. స్కోరు 10-8 చుట్టూ తేలే ఆటలో ఆ ఒక్క పాయింటు తేడా చిన్నదేం కాదు. కొన్ని జోడీలు మాత్రం అలవాటైన వరసనే పట్టుకుంటాయి, అప్పటికే చేతులు వణికే చోట కొత్త ప్రయోగం ఎందుకని. రెండింట్లో ఏది మేలంటే, ఇద్దరి సర్వీసుల మధ్య తేడా బాగా ఉంటేనే మార్చాలి.

ఇప్పుడు ఎంపిక. ఎవరూ కూర్చుని ఎంచరు, రేస్ పట్టికే ఎంచుతుంది. ఈ పట్టికలో వ్యక్తిగత ర్యాంకుకు పని లేదు. జనవరి నుంచి అదే ఇద్దరూ కలిసి సంపాదించిన పాయింట్లే లెక్క. గ్రాండ్‌స్లామ్ టైటిల్‌కు 2000, మాస్టర్స్‌కు 1000, తర్వాతి స్థాయి టోర్నీలకు 500, 250. మార్చిలో ఒకరితో ఆడి సంపాదించిన పాయింట్లు, జూన్‌లో కొత్త భాగస్వామితో వెంట రావు. సున్నా నుంచి మొదలు. రోహన్ బోపన్న 2024 జనవరిలో 43 ఏళ్ళ వయసులో డబుల్స్ ప్రపంచ నంబర్ 1 అయ్యాడు, అది వ్యక్తిగత ర్యాంకు. సీజన్ ముగింపు టోర్నీకి మాత్రం అతను వెళ్ళింది మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి కూడబెట్టిన ఉమ్మడి ఖాతాతో. సీజన్ మధ్యలో గొడవపడిన జోడీలు కూడా విడిపోకుండా నవంబర్ దాకా లాక్కొచ్చేది ఇందుకే.

పట్టికలో మొదటి ఏడు జోడీలకు నేరుగా చోటు. ఎనిమిదో స్థానం దగ్గర ఒక కిటికీ తెరిచి ఉంచారు: ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ గెలిచిన జోడీ 8 నుంచి 20 మధ్య ఎక్కడున్నా ఆ చోటు దానిదే. అలాంటివి రెండుంటే పై ర్యాంకు జోడీది. ఏదీ లేకపోతే ఎనిమిదో జోడీ మామూలుగా వస్తుంది. దీన్ని అన్యాయమనేవాళ్ళున్నారు. నేను అనను. 2012లో బ్రిటన్‌కు చెందిన జొనాథన్ మర్రే, డెన్మార్క్‌కు చెందిన ఫ్రెడెరిక్ నీల్సన్ వైల్డ్ కార్డుతో (ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు ఇచ్చే చోటుతో) వింబుల్డన్‌లో అడుగుపెట్టి ఏకంగా టైటిల్ ఎగరేసుకుపోయారు. ఏడాదంతా కలిసి తిరిగిన జోడీ కాదు. అయినా సీజన్ చివర లండన్‌లో సెమీస్ దాకా వచ్చి, అక్కడ మన భూపతి, బోపన్న జోడీ చేతిలో సూపర్ టైబ్రేక్‌లో ఓడారు. గ్రాండ్‌స్లామ్ గెలిచినవాళ్ళను ఆ వారం బయట కూర్చోబెట్టడం కన్నా లోపలికి తేవడమే సబబు అనడానికి ఇంకేం కావాలి? అర్హత పొందినవాళ్ళు కాక రిజర్వు జోడీలు కూడా అక్కడే ఉండి ప్రాక్టీసు చేస్తుంటాయి. ఎవరైనా తప్పుకుంటే ఆ జోడీకి మిగిలిన గ్రూపు మ్యాచ్‌లు రిజర్వు జోడీ ఆడుతుంది.

చివరిగా మనవాళ్ళ సంగతి. పురుషుల్లో ఈ టైటిల్ భారతీయులెవరికీ దక్కలేదు. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవే అన్నీ. లియాండర్ పేస్, మహేశ్ భూపతి కలిసి 1997, 1999, 2000లో మూడు ఫైనల్స్ ఓడారు. మొదటి రెండూ అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో. అప్పట్లో డబుల్స్ ముగింపు టోర్నీ సింగిల్స్‌తో కలిసి ఉండేది కాదు, వేరే ఊళ్ళో వేరుగా జరిగేది. 1986 నుంచి కొన్నేళ్ళు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో, తర్వాత జొహానెస్‌బర్గ్, జకార్తా, ఐండ్‌హోవెన్, హార్ట్‌ఫర్డ్, ఇలా తిరిగి తిరిగి 2000లో బెంగళూరుకు వచ్చింది. సొంత జనం ముందు ఆ ఫైనల్లో కూడా పేస్, భూపతి అమెరికాకు చెందిన డొనాల్డ్ జాన్సన్, దక్షిణాఫ్రికాకు చెందిన పీట్ నోర్వల్ చేతిలో వరుస సెట్లలో ఓడారు: 7-6, 6-3, 6-4. అప్పటికి ఫైనల్ అయిదు సెట్లది, సూపర్ టైబ్రేక్ లేదు. 2003లో హ్యూస్టన్‌లో డబుల్స్‌ను మళ్ళీ సింగిల్స్‌తో కలిపేశారు. ఆ తొలి టైటిల్ బ్రయన్ కవలలు అయిదు సెట్లు ఆడి గెలిచారు. ఆ తర్వాత కూడా 2004, 2009, 2014లో వాళ్ళదే.

పేస్ 2005లో జిమోనిచ్‌తో, భూపతి 2010లో మిర్నీతో ఫైనల్ చేరి ఓడారు. 2012లో భూపతి, బోపన్న స్పెయిన్ జోడీ గ్రానోయెర్స్, లోపెజ్ చేతిలో 7-5, 3-6, 10-3తో ఓడారు. ఒక సెట్ లాగేసుకుని కూడా సూపర్ టైబ్రేక్‌లో మూడు పాయింట్లకే ఆగిపోయారు. 2015లో బోపన్న, మెర్జియా జోడీ రోయెర్, టెకావ్ చేతిలో 6-4, 6-3తో ఓడింది. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది మాత్రం 2023. ట్యూరిన్‌లో బోపన్న, ఎబ్డెన్ తొలి గ్రూపు మ్యాచ్‌లో రాజీవ్ రామ్, శాలిస్‌బరీ చేతిలో ఓడారు. మామూలు నాకౌట్ అయితే అక్కడితో సరి. మిగతా రెండూ గెలిచి సెమీస్ ఆడారు. ఆ రామ్, శాలిస్‌బరీయే ఆ ఏడాది విజేతలు.

మహిళల్లో అయితే కథ వేరు, పైగా అది మన హైదరాబాదుది. సానియా మీర్జా మహిళల సీజన్ ముగింపు టోర్నీ అయిన డబ్ల్యూటీఏ ఫైనల్స్‌ను డబుల్స్‌లో రెండుసార్లు గెలిచింది, రెండుసార్లూ సింగపూర్‌లోనే. 2014లో జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో, 2015లో మార్టినా హింగిస్‌తో. ఈ రెండేళ్ళూ పక్కపక్కన పెడితే మొదట చెప్పిందంతా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే 2014లో డబుల్స్ నాకౌట్, 2015లో గ్రూపులు. 2014లో క్వార్టర్స్ 6-3, 2-6, 12-10, సెమీస్ 4-6, 7-5, 11-9. రెండు మ్యాచ్‌లూ సూపర్ టైబ్రేక్‌లోనే, పది కూడా చాలక. ఎక్కడ రెండు పాయింట్లు అటూఇటూ అయినా ఇంటికే, సెట్ల శాతం ఆదుకోదు. అలా గట్టెక్కిన జోడీ ఫైనల్లో షీ సు-వీ, పెంగ్ షువాయ్‌ను 6-1, 6-0తో చితక్కొట్టింది. 2015లో హింగిస్‌తో గ్రూపు పద్ధతిలో ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ దాకా వెళ్ళింది కాబట్టి, శాతాల అవసరమే రాలేదు. 2016లో ఆ ఇద్దరూ సీజన్ మధ్యలోనే విడిపోయారు. అయినా అప్పటికే కలిసి కూడబెట్టిన పాయింట్లతో అర్హత వచ్చింది. సింగపూర్‌లో మళ్ళీ ఒకే వైపు నిలబడి సెమీస్ దాకా ఆడారు. ఉమ్మడి ఖాతా అంటే ఇదే.

ఇప్పటి తెలుగు కుర్రాళ్ళు ఎప్పుడు వెళ్తారని కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అంకెలు చెప్పేస్తాను. హైదరాబాదుకు చెందిన బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024లో అల్మాటీలో అర్జున్ ఖడేతో, 2025లో శాంటియాగోలో కొలంబియాకు చెందిన నికొలస్ బారియెంటోస్‌తో టైటిళ్ళు గెలిచాడు. రెండూ 250 స్థాయివి. అతని వ్యక్తిగత ర్యాంకుకు రెండూ కలిసొచ్చాయి. రేస్ పట్టికలో మాత్రం ఏడాది వేరు, భాగస్వామి వేరు కాబట్టి ఒకదానికొకటి కలవవు. పైగా ఒక గ్రాండ్‌స్లామ్ టైటిల్‌కు సరితూగాలంటే అలాంటివి ఎనిమిది గెలవాలి, అదీ ఒకే ఏడాదిలో, ఒకే భాగస్వామితో. ముందు కావాల్సింది గ్రాండ్‌స్లామ్‌లు, మాస్టర్స్ టోర్నీల మెయిన్ డ్రాలో ఏడాదంతా చోటు. అక్కడ డ్రాలోకి తీసుకునేది ఇద్దరి ర్యాంకులూ కూడి చూసి. కాబట్టి తన ర్యాంకు ఎంత మెరుగైనా, పక్కనున్నవాడి ర్యాంకు కూడా పైనే ఉండాలి.